జిర్కాన్ నడిభాగం చెప్పే వయసు నమ్మొచ్చా?

హిమాలయాల పునాది శిలల వయసు గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పగలరా?

లెస్సర్ హిమాలయాల్లో, పాత గ్రానైట్ వేడికీ ఒత్తిడికీ మారగా ఏర్పడ్డ ఉల్లేరి నైస్‌కి యురేనియం-సీసం పద్ధతిలో (జిర్కాన్ అనే ఖనిజపు గింజల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో చూసి) సుమారు 180 కోట్ల ఏళ్లు వస్తోంది. అక్కడి మైకాను ఆర్గాన్ పద్ధతిలో (పొటాషియం నుంచి పుట్టి పోగైన ఆర్గాన్ వాయువును లెక్కించి) కొలిస్తే చాలాచోట్ల రెండు కోట్ల ఏళ్ల లోపే. ఇది అర్థమైంది: బయొటైట్ (నల్ల మైకా) సుమారు 300 డిగ్రీలు దాటితే ఆర్గాన్‌ను వదిలేస్తుంది, జిర్కాన్ 900 డిగ్రీల దగ్గర కూడా సీసాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

చిక్కంతా జిర్కాన్ లోపలే. నా దగ్గరున్న ఫొటోలో గింజ మధ్యలో సన్నని చారలు, వాటిని కోసుకుంటూ బయట చారల్లేని బూడిదరంగు అంచు. ఆ నడిభాగం ఈ గ్రానైట్ గట్టిపడినప్పుడే పుట్టిందా, ఇంకా పాత రాతి నుంచి కొట్టుకొచ్చిందా? ఎలా తేల్చాలి? థోరియం-యురేనియం నిష్పత్తి 0.1 కంటే తక్కువుంటే అంచు రూపాంతరంలో, అంటే రాయి వేడికీ ఒత్తిడికీ మారినప్పుడు, పెరిగిందంటారు. అదొక్కటే సరిపోదని నా అనుమానం.

ఇంకోటి. వయసు కొలవడానికి గింజ మీద లేజర్ కాల్చే మచ్చ 30 మైక్రాన్లు, అంచేమో అందులో సగం కూడా లేదు. మచ్చ రెండింటి మీదా పడితే వచ్చే మధ్యరకం వయసుకీ, నిజంగానే సీసం పోగొట్టుకున్న గింజ వయసుకీ తేడా ఎలా పట్టుకుంటారు? ఇలాంటప్పుడు జిర్కాన్‌లో ఉండే హాఫ్నియం అనే మూలకపు ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న రకాలు) ఏమైనా పనికొస్తాయా?