పాప చర్మవ్యాధికి రెటీనా పరీక్ష ఎందుకు?

ప్రశ్న (పాప తండ్రి, గుంటూరు):
మా పాపకు ఆరు వారాలు. పుట్టిన నాలుగో రోజున కాళ్ల వెంట, నడుము చుట్టూ నీటిపొక్కులు దండ గుచ్చినట్టు వరుసగా లేచాయి. అక్కి అనుకుని మా అమ్మగారు జాజుతో రాయించాలని పట్టుబట్టారు. చర్మవైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, ఇన్‌కాంటినెన్షియా పిగ్మెంటీ అనే అరుదైన జన్యు చర్మవ్యాధి అని తేల్చారు. పొక్కులు ఎండి ఇప్పుడు పులిపిర్లలా గరుకెక్కుతున్నాయి. అయితే ఆలస్యం చేయకుండా రెటీనా (కంటి లోపలి వెనక పొర) వైద్యులకు చూపించమన్నారు. పాప కళ్లు తేటగా ఉన్నాయి, దీపం వైపు చూస్తోంది. ఇంత తొందర ఎందుకో చెప్పగలరా?

జవాబు (పిల్లల రెటీనా వైద్యుడు):
కళ్లు తేటగా ఉన్నాయని నిశ్చింతగా ఉండకండి. ఈ జబ్బుకు మూలం ఎక్స్ క్రోమోజోమ్ మీది ఐకెబికెజి జన్యువులో లోపమని 2000లో తేలింది. కంటిలో దీని దెబ్బ రెటీనా అంచుల సన్నని రక్తనాళాలకు తగులుతుంది. అవి మూసుకుపోతే, రక్తం అందని భాగం కోసం పెళుసైన కొత్త నాళాలు మొలుస్తాయి. అవి చిట్లి, మచ్చకట్టి, రెటీనాను లాగి ఊడదీస్తాయి. ముప్పు ఎక్కువగా తొలి ఏడాదిలోనే. అందరికీ రాదు, వచ్చినా తరచుగా ఒక కంటికే ఎక్కువ. రెండో కన్ను బాగుండటంతో బిడ్డ మామూలుగానే చూస్తుంది, ఇంట్లోవాళ్లు పసిగట్టలేరు. ఊడకముందే గుర్తిస్తే, నెలలు నిండని పిల్లలకు చేసినట్టే, రక్తం అందని భాగానికి లేజర్ చేస్తాము.

జవాబు (తొమ్మిదేళ్ల అమ్మాయి తల్లి):
మా అమ్మాయికీ ఇదే జబ్బు. మా తప్పు చెబుతాను. మొదటి పరీక్షలో అంతా బాగుందనగానే మళ్లీ వెళ్లలేదు. ఎనిమిదో నెలలో మెల్లకన్ను కనిపించి పరుగెత్తేసరికి ఎడమకంటి రెటీనా ఊడిపోయింది. నాలుగు నెలలు నిండేదాకా నెలకోసారి, ఏడాది వరకు మూడు నెలలకోసారి, మూడేళ్ల వరకు ఆరు నెలలకోసారి, ఆపైన ఏటా చూపించాలని అప్పుడు తెలిసింది. ఇంకొక మాట: నా పిక్కల మీద చిన్నప్పటి నుంచి వెంట్రుకలు మొలవని తెల్లని చారలున్నాయి, అవీ ఈ జబ్బు గుర్తులేనట. పాప తల్లిగారిని కూడా జన్యువైద్యులకు చూపించండి.

పాప తండ్రి:
గురువారం ఉదయానికి సమయం దొరికింది. మా ఆవిడ కాళ్లు చూశాను, అలాంటి చారే ఒకటి ఉంది. పాపకు పాలు ఎప్పుడు ఆపాలి?

వైద్యుడు:
మత్తు లేకుండా చేసే పరీక్షకైతే గంట ముందు ఆపితే చాలు, వాంతి కాకుండా. మత్తిచ్చి చేయాల్సివస్తే వాళ్లే వేరుగా చెబుతారు. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, గుడ్డలో చుట్టి, రెప్పలు విప్పి ఉంచి చూస్తారు. ఏడుస్తుంది, కానీ కొద్ది నిమిషాలే. రెండు కళ్లలోనూ రెటీనా అంచుల దాకా చూశారా అని తప్పక అడగండి.