జింకల వేటకు వాసన ఆపే దుస్తులు: 400 డాలర్లు పెట్టవచ్చా?

కొత్తవిల్లు, పెన్సిల్వేనియా:

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి లైసెన్సు తీసుకున్నాను. అక్టోబరులో విల్లు సీజను మొదలవగానే తెల్లతోక జింక కోసం మొదటిసారి అడవికి వెళ్లబోతున్నాను. నాకు సొంత భూమి లేదు, తెలిసినవాళ్ల పొలమూ లేదు. అందరికీ తెరిచి ఉండే స్టేట్ గేమ్ ల్యాండ్స్‌లోనే, అంటే రాష్ట్ర ప్రభుత్వపు వేట భూముల్లోనే నా వేట.

మొన్న దుకాణానికి వెళితే అక్కడి అబ్బాయి యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉన్న కోటు, ప్యాంటు చూపించాడు. ఇవి వేసుకుంటే జింకకు మీ వాసనే అందదని చెప్పాడు. రెండూ కలిపి 400 డాలర్ల పైచిలుకు. విల్లుకు, బాణాలకు, మంచెకు ఇప్పటికే చాలా ఖర్చయింది. 25 గజాల లోపలికి వస్తే తప్ప బాణం వదలకూడదని నాకు విల్లు నేర్పిన పెద్దాయన నియమం పెట్టారు. అంత దగ్గరికి రావలసిన జంతువు ముక్కును ఒక కోటు ఏమార్చగలదా? వాడినవాళ్లు చెప్పండి.

మంచెమీద, విస్కాన్సిన్:

కొనకండి తమ్ముడూ. నేను 14 ఏళ్లుగా వేటాడుతున్నాను. అందులో ఆరేళ్లు ఆ కోటు వేసుకునే తిరిగాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక నవంబరు ఉదయం. కొండవాలు మధ్యలో, 20 అడుగుల ఎత్తున నా మంచె. గాలి వాయవ్యం నుంచి వస్తోంది, జింకలు తూర్పు నుంచి రావాలి. కాగితం మీద అంతా సరిపోయింది. కోటు జిప్పు మెడదాకా వేసుకున్నాను, ముఖానికి ముసుగు కూడా ఉంది. ఎనిమిదింటికి ఎండ వాలు మీద పడింది. పావుగంట తరువాత నాకు పైన, గట్టు మీద, ఒక ఆడ జింక నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. 60 గజాలు ఉంటుందేమో. తల నేల మీది నుంచి ఎత్తింది. నల్లటి ముక్కు తడిగా మెరుస్తూ కదిలింది. నాలుకతో ఒకసారి ముక్కు నాకింది. ముందుకాలు నేలకేసి కొట్టి, బుస్సుమని ఊది, తెల్ల తోక జెండాలా ఎత్తి పారిపోయింది. దాని వెనుక ఇంకో మూడు.

తప్పు కోటుది కాదు, నాది. చల్లగా ఉన్నంతసేపు గాలి వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ తగలగానే నేల వేడెక్కి అదే గాలి పైకి పాకుతుంది. సాయంత్రం మళ్లీ కిందికి దిగుతుంది. రేడియోలో చెప్పే గాలి దిశ వేరు, వాలు మీద పాకే ఈ గాలి వేరు. కోటు ఉందన్న ధీమాతో నేను రెండోదాన్ని పట్టించుకోలేదు. మన భాషలో పసిగట్టడం అనే మాట ఉంది. పసి అంటే వాసనే. ఇంత చక్కని మాట ఉన్నవాళ్లం, ముందు గాలిని చదవడం నేర్చుకోవాలి.

పత్తికాయ, టెక్సాస్:

మా దగ్గర ఈ ప్రశ్నే రాదు. మొక్కజొన్న గింజలు చల్లే ఫీడరుకు 100 గజాల దూరంలో మూసి ఉన్న పెట్టెలాంటి గదిలో కూర్చుని రైఫిలుతో కాలుస్తాం. దానికి కోటు ఎందుకు? కానీ మీది విల్లు వేట, మీ కష్టం వేరు. నా అనుభవం మీకు పనికిరాదు.

బొగ్గుపొడి, న్యూజెర్సీ:

మంచెమీద గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. వృత్తిరీత్యా రసాయన శాస్త్రం నాకు అన్నం పెడుతోంది కనుక, ఈ కోటును ఉత్త మోసంగా తోసేస్తే ఊరుకోలేను.

యాక్టివేటెడ్ కార్బన్ అంటే లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రాలు ఉన్న బొగ్గు. ఒక గ్రాము బొగ్గులో ఉండే లోపలి ఉపరితలం సుమారు 1000 చదరపు మీటర్లు, అంటే దాదాపు పావు ఎకరం. వాసన అణువులు ఆ గోడలకు అంటుకుని ఉండిపోతాయి. నీళ్ల ఫిల్టర్లలో, విషవాయు ముసుగుల్లో పనిచేసేది ఇదే. బట్టలో కుట్టినంత మాత్రాన బొగ్గు తన గుణం మరిచిపోదు.

అది వాసనను పూర్తిగా మాయం చేయదు, తగ్గిస్తుంది. ఆ తగ్గడానికి విలువ ఉంది. న్యూజెర్సీలోనూ పెన్సిల్వేనియాలోనూ జింకలు రోజూ మనుషుల వాసన చూస్తూనే బతుకుతున్నాయి. ఇళ్ల వెనుకే మేస్తాయి. మనిషి వాసన తగిలిన ప్రతిసారీ పారిపోతే అవి బతకలేవు. వాసన ఎంత గాఢంగా ఉంది, ఎంత తాజాగా ఉంది అన్నదాన్ని బట్టి అవి నిర్ణయం తీసుకుంటాయని నా నమ్మకం. పలచబడిన వాసన దూరంగా ఉన్న మనిషిలా, నిన్న వెళ్లిపోయిన మనిషిలా అనిపించవచ్చు. విల్లు వేటగాడికి కావలసింది ఆ పది క్షణాల తటపటాయింపే.

తీర్పుపాఠకుడు, మిన్నెసోటా:

ఈ గొడవ మా రాష్ట్రంలో కోర్టు దాకా వెళ్లింది కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. సగం సగం విన్నవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

2007లో మిన్నెసోటా వేటగాళ్లు కొందరు, సెంట్‌లాక్ అనే పేరుతో ఈ కార్బన్ దుస్తులు తయారుచేసే ఏఎల్ఎస్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ మీద, వాటిని అమ్మిన పెద్ద దుకాణాల మీద దావా వేశారు. వాసనను తీసేస్తుందన్న ప్రకటన అబద్ధమని, ఇంట్లో డ్రయ్యరులో వేస్తే బొగ్గు మళ్లీ కొత్తదానిలా అవుతుందన్న మాట కూడా అబద్ధమని వాళ్ల వాదన. 2010లో జిల్లా కోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 2011లో దాని పై కోర్టు, ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఆ తీర్పును కొట్టేసింది. తీసేస్తుంది అన్న మాటకు నూటికి నూరు పాళ్లు అన్న అర్థమే ఉండాలని లేదన్నది అక్కడి తర్కం. అంటే కోటు పనిచేస్తుందని కోర్టు సర్టిఫికెట్ ఇవ్వలేదు, పనిచేయదని ముద్ర వేయనూ లేదు. ప్రకటనలోని మాటల గురించిన తగవు అది.

కోర్టు కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక ప్రయోగం. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వన్యప్రాణి పరిశోధకుడు జాన్ షివిక్ మనుషుల్ని దాచిపెట్టి, వెతికే కుక్కల్ని వదిలాడు. కొందరికి కార్బన్ దుస్తులు, కొందరికి మామూలు దుస్తులు. 2002లో ఫలితం అచ్చయింది. కుక్కలు దాదాపు అందరినీ పట్టేశాయి. దుస్తుల వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, తేడా తెచ్చింది వాతావరణం.

బొగ్గుపొడి, న్యూజెర్సీ:

ఆ ప్రయోగం నాకు తెలుసు. కానీ వెతికే కుక్కకు మనిషిని కనిపెట్టడమే పని. అందుకే శిక్షణ ఇచ్చి పెంచుతారు. చిన్న ఆనవాలు దొరికినా దాని వెంట పోతుంది. జింక మనల్ని వెతుక్కుంటూ రాదు. దాని ధ్యాస ఓక్ కాయల మీద. రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు.

డ్రయ్యరు విషయంలో మాత్రం ఒప్పుకోక తప్పదు. కర్మాగారాల్లో వాడేసిన బొగ్గును తిరిగి పనికి తేవాలంటే 800 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాలుస్తారు. ఇంట్లో డ్రయ్యరు 65 డిగ్రీలు దాటితే గొప్ప. తేలికపాటి అణువులు కొన్ని ఊడిపోతాయి, బరువైనవి అలాగే ఉంటాయి. కోటు పూర్తిగా కొత్తది కాదు.

అడవిబాట, జార్జియా:

పెద్దలందరూ అడవిలో జింక ముక్కు గురించే మాట్లాడుతున్నారు. నేను వంటింటి గురించి చెబుతాను, ఎందుకంటే నా మొదటి సీజను అక్కడే పాడైంది.

నా వేట జాకెట్టు హాలులో, వంటగది పక్కనే ఉన్న అల్మారాలో వేలాడేది. ఒక ఆదివారం ఇంట్లో చేపల పులుసు. సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు కారులో కూర్చుని తలుపు వేయగానే మెంతుల పోపు వాసన గుప్పుమంది. కాలరు దగ్గర ముక్కు పెట్టి చూశాను, దానికే అంటుకుని ఉంది. నా ముక్కుకే అంత బాగా అందుతోందంటే జింకకు అరమైలు దూరం నుంచి అందుతుందని ఆ రోజు ఇంటికి తిరిగి వచ్చేశాను.

బొగ్గుపొడి గారూ, నాకు ఒక్కటి చెప్పండి. మీ బొగ్గుకు నా చెమట, నా పోపు వేరని తెలుసా? ఇంగువ, నూనె పొగ, కారులో పెట్రోలు వాసన, అన్నీ దానికి ఒకటే కదా. మన ఇళ్లలో వారం రోజులు వేలాడిన కోటు అడవికి చేరేసరికి దాని రంధ్రాల్లో ఖాళీ ఎంత మిగులుతుంది?

నేను ఇప్పుడు చేసేది చెబుతాను. వేట బట్టలు మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో గ్యారేజీలో ఉంటాయి, ఇంట్లోకి రావు. సువాసన లేని సబ్బుతో ఉతికి ఆరుబయట తీగ మీద ఆరేస్తాను. ఆ సబ్బులో బట్టకు మెరుపు తెచ్చే రసాయనాలు కూడా ఉండకూడదు. నీలం, అతినీలలోహిత కాంతి జింకలకు మనకంటే బాగా కనిపిస్తుంది. మా జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లే 1990లలో వాటి చూపు మీద పరిశోధన చేశారు. అడవి దగ్గర కారు ఆపాక డిక్కీ తెరిచి అక్కడే బట్టలు మార్చుకుంటాను. రబ్బరు బూట్లు కూడా అక్కడే. వేట బట్టలతో పెట్రోలు బంకులో దిగను. డబ్బాకు, సబ్బుకు కలిపి 30 డాలర్లు కాలేదు.

బొగ్గుపొడి, న్యూజెర్సీ:

అక్కా, మీ ప్రశ్నకు నా దగ్గర తప్పించుకునే జవాబు లేదు. బొగ్గు ఏది ముందు తగిలితే దాన్ని పట్టుకుంటుంది. గాలి చొరబడని సంచిలో పెట్టకపోతే ఆ కోటు వృథా. మీరు చెప్పినవన్నీ చేసిన తరువాతే కోటు గురించి ఆలోచించాలి, అది నిజం. అయినా గాలి సుళ్లు తిరిగే లోయలో మంచె కట్టక తప్పనివాళ్లకు కోటు కొంత మేలు చేస్తుందన్న మాట మీద మాత్రం నిలబడతాను. అలాంటివాళ్లు సీజను ముగిశాక జనవరిలో కొనుక్కోవాలి, ధర బాగా తగ్గుతుంది.

మరో సంగతి. ఊపిరి. కోటు మెడ దగ్గర ఆగిపోతుంది, మనం గంటకు కొన్ని వందల సార్లు ఊపిరి వదులుతాం. ముసుగు కొంతే ఆపుతుంది. దుకాణంలో ఇది ఎవరూ చెప్పరు.

కొండగాలి, ఒహాయో:

ఇంత చర్చ ఎందుకు? వాసనను చంపుతుందని చెప్పి ఓజోను వాయువు వదిలే యంత్రాలు వచ్చాయి, చెట్టుకు తగిలించుకోవచ్చు. నా స్నేహితుడు తల పైన పెట్టుకుని వేటాడుతున్నాడు, బాగుందంటున్నాడు. బట్టల డబ్బాలో కూడా పెడతాడు.

బొగ్గుపొడి, న్యూజెర్సీ:

డబ్బాలో బట్టలకు ఓజోను పట్టించి, తరువాత ఆరుబయట గాలికి ఆరబెట్టండి, దానికి నేను అడ్డు చెప్పను. తల పక్కన పెట్టుకుని నాలుగు గంటలు కూర్చోవడం మాత్రం వద్దని వేడుకుంటున్నాను. ఓజోను ఊపిరితిత్తుల్ని మండిస్తుంది. బయటి గాలిలో ఎనిమిది గంటల సగటు 0.070 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 0.070 పాలు) దాటకూడదని అమెరికా పర్యావరణ సంస్థ ప్రమాణం. ఉబ్బసం ఉన్నవాళ్లకు అంతకంటే తక్కువ మోతాదు కూడా ఇబ్బందే. ఘాటైన వాసన ముక్కుకు తగులుతోందంటే వెంటనే ఆపేయాలి. ఒక జింక కోసం ఊపిరితిత్తులు పాడుచేసుకోవద్దు.

మంచెమీద, విస్కాన్సిన్:

కొత్తవిల్లు గారికి ఒక పని చెబుతాను. రోడ్డు పక్కన మిల్క్‌వీడ్ మొక్కలు ఉంటాయి, మన జిల్లేడు కుటుంబమే. కాయ పగలబోయే ముందు నాలుగు కోసుకుని ఎండబెట్టండి. లోపల పట్టులాంటి పీచు ఉంటుంది. మీరు అనుకున్న చెట్టు దగ్గరికి విల్లు లేకుండా ఒక సాయంత్రం వెళ్లి, కూర్చుని, అయిదు నిమిషాలకు ఒక పీచు వదలండి. గాలి చూడడానికి అమ్మే పొడి అయిదారు గజాల్లో కనబడకుండా పోతుంది. పీచు 50 గజాల దాకా కనిపిస్తుంది. మీ వాసన ఎక్కడికి పోతుందో అది నడిచి చూపిస్తుంది.

కొత్తవిల్లు, పెన్సిల్వేనియా:

శనివారం వెళ్లి వచ్చాను. అందరికీ చెప్పాలనిపించి రాత్రే రాస్తున్నాను.

వాగుకు ఇటువైపు, గట్టు మీద ఒక ఓక్ చెట్టు చూసి పెట్టుకున్నాను. జింకల బాట వాగు వెంట వెళుతుంది. అయిదున్నరకు మొదటి పీచు వదిలాను. పడమటి గాలికి అది నా వెనక్కి, తూర్పుకు తేలుతూ పోయింది. బాటకు పూర్తిగా వ్యతిరేక దిశ. చాలా సంతోషించాను. ఆరుంబావుకు ఎండ గట్టు చాటుకు పోయింది. అప్పుడు వదిలిన పీచు ఒక్క క్షణం నా ముఖం ముందే నిలబడింది. తరువాత ఎవరో దారం పట్టి లాగినట్టు మెల్లగా కిందికి, వాగు వైపు దిగింది. నీళ్ల మీదికి వెళ్లి, మలుపు తిరిగి, సరిగ్గా జింకల బాట మీద ఒక ఫెర్న్ ఆకుకు తగులుకుని ఆగింది. తరువాతి మూడూ అదే దారి. జింకలు వచ్చే వేళా అదే. నా మీద ఏ కోటు ఉన్నా నా ఊపిరి ఆ ఆకు దాకా వెళ్లేదే.

కోటు కొనడం లేదు. అడవిబాట అక్క చెప్పిన డబ్బా, సబ్బు కొన్నాను. ఇప్పుడు నా ప్రశ్న: మంచెను వాగుకు అవతలి ఒడ్డుకు, దిగువ వైపుకు మార్చనా?

మంచెమీద, విస్కాన్సిన్:

మార్చండి. బాట మీద జింకలు ఏ వైపు నుంచి వస్తాయో చూసుకుని, చల్లగాలి జారిపోయే దిగువన, బాటకు 20 గజాల్లో కూర్చోండి. ఆ మంచె సాయంత్రానికే. ఉదయం ఎండ ఎక్కాక గాలి తిరగబడుతుంది, అప్పుడు గట్టు పైన వేరే చెట్టు చూసుకోవాలి. వెళ్లేటప్పుడు బాటను అడ్డంగా దాటకండి, వాగు నీళ్లలోంచే నడవండి. భుజాలకు, తొడలకు పట్టీలు ఉండే సేఫ్టీ హార్నెస్ నేల మీదే కట్టుకుని ఎక్కండి. మిగిలిన కాయలు తడి తగలకుండా చిన్న సీసాలో పెట్టుకోండి, తడిస్తే పీచు ఎగరదు.