బటన్ నొక్కితే టకటకమంటోంది, బండి మాత్రం లేవడం లేదు

కొత్తకాపు (సోమవారం ఉదయం)

అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి నాలుగు నెలలు. రెండు నెలల కిందట ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పెట్రోలు, ఆటోమేటిక్, తాళం తిప్పే పని లేకుండా బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే రకం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పెట్టినవాణ్ణి మళ్ళీ ఈ పొద్దున్నే తీశాను. రాత్రి చలి సున్నాకి ఎనిమిది డిగ్రీల కిందికి పోయింది. బటన్ నొక్కగానే డ్యాష్‌బోర్డు మీద ఉన్న దీపాలన్నీ వెలిగాయి. ఏబీఎస్ అంటుంది, ఎయిర్‌బ్యాగ్ అంటుంది, స్టీరింగ్ అంటుంది. లోపల టకటకటకమని చప్పుడు. స్క్రీను ఆరిపోయి మళ్ళీ వచ్చింది. పక్కింటాయన చూసి "కంప్యూటర్ పోయినట్టుంది, టో చేయించు" అన్నాడు. మన దగ్గరైతే నలుగురం కలిసి తోసేవాళ్ళం. ఇక్కడ ఎవర్ని పిలవాలో కూడా తెలియదు. కంప్యూటర్ అంటే చాలా ఖర్చవుతుందా?

పదో నంబరు పానా

తమ్ముడూ, టో బండిని అప్పుడే పిలవకు. కంప్యూటర్ పోలేదు. కంట్రోల్ యూనిట్లనే అయిదారు వేర్వేరు పెట్టెలు ఒకే పొద్దున, ఒకే క్షణంలో చెడిపోవు. ఒకే కుళాయి నీళ్ళు తాగేవాళ్ళంతా ఒకేసారి దాహమో అని అరిచారంటే కుళాయి ఎండిందని అర్థం. నీ బండిలో ఆ కుళాయి 12 వోల్టుల బ్యాటరీ. వోల్టేజి పడిపోతే ఒక్కో కంట్రోల్ యూనిట్ తికమకపడి తన దీపం తాను వెలిగించుకుంటుంది. ఆ దీపాల పేర్లు చదువుకుంటూ కూర్చోకు.

నువ్వు చెప్పినదాంట్లో పనికొచ్చే మాట ఆ టకటక. సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను తిప్పడానికి వందల ఆంపియర్లు లాగుతుంది. నీరసించిన బ్యాటరీ దాని స్విచ్చిని వేయగలదు కానీ మోటారును తిప్పలేదు. మోటారు కరెంటు లాగగానే వోల్టేజి కూలుతుంది, స్విచ్చి వదిలేస్తుంది, వోల్టేజి మళ్ళీ లేస్తుంది, స్విచ్చి మళ్ళీ పట్టుకుంటుంది. నీకు వినిపించింది అదే.

"బండి స్టార్ట్ కాలేదు" అని ఎవరన్నా రాస్తే నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఏం చప్పుడు చేసిందో చెప్పాలి. టకటకమంటే బ్యాటరీ, లేదా దాని టెర్మినళ్ళు. దీపాలు ధగధగమంటూ ఒక్కసారి 'ఠక్' మని ఊరుకుంటే సెల్ఫ్ మోటారో దాని కేబులో. ఇంజన్ చక్కగా తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. అక్కడ పెట్రోలు అందడం లేదు, లేదా స్పార్కు లేదు, లేదా ఇంజన్ ఎక్కడ తిరుగుతోందో చెప్పే క్రాంక్ సెన్సర్ పోయింది. తాళం గుర్తు గబగబా మెరుస్తుంటే, దొంగలు నడపకుండా ఇంజన్‌ను ఆపే ఇమ్మొబిలైజర్ నీ తాళాన్ని గుర్తుపట్టలేదు. దీపాలన్నీ బాగుండి అసలు చప్పుడే లేకపోతే అది ఇంకో కథ. కొత్తవాళ్ళు ఎక్కువ బెంబేలెత్తేది అక్కడే కనుక చెబుతాను.

బటన్ అంటే స్విచ్చి కాదు, అర్జీ. నువ్వు నొక్కావని కంప్యూటర్‌కి కబురు పోతుంది. బ్రేకు తొక్కాడా, గేరు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉందా, తాళం లోపలే ఉందా, స్టీరింగ్ లాక్ వదిలిందా అని అది చూసుకుంటుంది. ఒక్కటి తక్కువైనా అర్జీ బుట్టదాఖలు. బండి చెడిపోలేదు, అనుమతి ఇవ్వలేదంతే. బ్రేకు గట్టిగా తొక్కి చూడాలి. వెనక బ్రేకు లైటు వెలుగుతోందా అని ఎవరినైనా చూడమనాలి. వెలగకపోతే పెడల్ దగ్గరున్న చిన్న స్విచ్చి పోయి ఉండొచ్చు. గేరు న్యూట్రల్‌లో పెట్టి ప్రయత్నించాలి. స్టీరింగ్ బిగుసుకుపోయి ఉంటే దాన్ని అటూ ఇటూ కదుపుతూ బటన్ నొక్కాలి.

తోసే ఆలోచన మాత్రం మర్చిపో. ఆటోమేటిక్ బండిలో ఇంజన్ ఆగి ఉంటే చక్రాలకూ ఇంజన్‌కూ గట్టి పట్టు ఉండదు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా తోసినా బండి కదులుతుంది, ఇంజన్ తిరగదు.

మీటరు ఉంటే బ్యాటరీ మీద పెట్టి ఎంత చూపిస్తుందో రాయి. కొన్ని బండ్లలో బ్యాటరీ డిక్కీలోనో సీటు కిందో ఉంటుంది, మాన్యువల్ చూడు.

రెడీ లైటు

పానా గారు చెప్పిన అర్జీల లెక్కలో నాదొకటి కలుపుకోండి. వచ్చిన కొత్తలో ఒకరోజు రాత్రి పార్కింగ్‌లో "తాళం కనబడలేదు" అని స్క్రీను మీద వచ్చింది. తాళం నా చేతిలోనే ఉంది! అరగంట నిలబడి ఏడుపొక్కటే తక్కువ. తీరా చూస్తే తాళంలో ఉండే నాణెం లాంటి సెల్ అయిపోయింది. చాలా తాళాల్లో సీఆర్2032 అనే సెల్ ఉంటుంది, ఇంట్లో ఒకటి పెట్టుకోండి. సెల్ చచ్చినా తాళంలోని చిప్ చావదు. దానికి కావలసిన కరెంటు బండే దగ్గర నుంచి అందిస్తుంది. తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలా బండ్లు లేస్తాయి. కొన్నింట్లో ఆ చోటు కాఫీ కప్పు పెట్టుకునే గూట్లోనో సీట్ల మధ్యనో ఉంటుంది. తలుపు తీయడానికి తాళం లోపలే ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది, తలుపు పిడి దగ్గర చిన్న మూత కింద దానికి రంధ్రం ఉంటుంది. ఇదంతా పగలు, తీరిగ్గా ఉన్నప్పుడు ఒకసారి చేసి చూసుకోండి.

ఇప్పుడు నాది హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే బండి. ఇందులో పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్న 12 వోల్టుల బ్యాటరీ పడుకుంటే బండి లేవదు, ఎందుకంటే పెద్దదాన్ని కలిపే స్విచ్చిని వేసేది చిన్నదే. కరెంటు బండ్లదీ ఇదే తంతు. ఇంకోటి, ఇంజన్ చప్పుడు రాలేదని మొదటివారం నేను బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కి ఆపేసేదాన్ని. "రెడీ" అని వెలిగితే బయల్దేరడమే.

కొత్తకాపు (సోమవారం మధ్యాహ్నం)

చాలా థాంక్స్ అన్నయ్యా, అక్కా. పక్కింటాయన దగ్గర మీటరు దొరికింది. 11.9 చూపిస్తోంది. ఆయన తన కారుతో కేబుల్స్ వేసి లేపుదామంటున్నాడు. భయంగా ఉంది.

పదో నంబరు పానా

నిండుగా ఉండి విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. 12.2 అంటే దాదాపు సగం. 11.9 అంటే అడుగంటింది. దానికి తోడు చలి. సున్నాకి 18 డిగ్రీల కింద లెడ్ బ్యాటరీ సత్తా ఇంచుమించు సగానికి పడిపోతుంది, అదే చలికి ఇంజన్ ఆయిలు చిక్కబడి సెల్ఫ్‌కి పని పెరుగుతుంది. నీ దగ్గర అంత చలి లేకపోయినా లెక్క అదే.

భయం మంచిదే, కానీ క్రమం తప్పకపోతే ప్రమాదం లేదు. ముందు బ్యాటరీ పెట్టె ఉబ్బిందా, పగిలిందా చూడు. ఖాళీ బ్యాటరీలో ద్రవం గడ్డకట్టవచ్చు. అలా అయితే కేబుల్ వేయకు, పేలవచ్చు. బాగానే ఉంటే రెండు బండ్లూ ఆపి, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. ఎర్ర కేబుల్ నీ బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొస ఆయన బ్యాటరీ ప్లస్‌కి. నల్లది ఆయన మైనస్‌కి. ఆఖరి నల్ల కొస నీ బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజన్ మీద రంగు లేని ఇనుప ముక్కకి. ఆఖరి కొస తగిలించినప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండవచ్చు కనుక రవ్వ దూరంగా లేవనీ. ఆయన బండి అయిదారు నిమిషాలు నడిచాక నీది నొక్కు. లేచాక తీసేటప్పుడు సరిగ్గా ఎదురు వరస. ఆయనది హైబ్రిడ్ అయితే ముందు వాళ్ళ మాన్యువల్ చూడమను. చాలావాటితో వేరే బండిని లేపకూడదు.

లేచాక గ్యారేజీ తలుపు మూసి ఇంజన్ నడపొద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, మనిషి పోతాడు.

కొత్తకాపు (గురువారం)

సోమవారం లేచింది! ఇంజన్ నడుస్తుంటే మీటరు 14.3 చూపించింది, అంటే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ బాగున్నట్టే కదా. గంటసేపు తిప్పి తెచ్చాను. మంగళవారం ఆఫీసుకి వెళ్ళొచ్చాను, పోను పది నిమిషాలు, రాను పది. బుధవారం ఇంటి నుంచే పని. ఇవాళ మళ్ళీ టకటక.

పదో నంబరు పానా

ఆల్టర్నేటర్ బాగుంది, నీ అనుమానం సరైనదే. ఇక మిగిలినవి రెండు. ఒకటి, పది నిమిషాల ప్రయాణంలో స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటు కూడా సరిగా తిరిగి రాదు, హీటరూ సీటు వేడీ వేస్తే మరీను. రెండోది, బండి నిద్రపోయినా ఎవడో మెలకువగా ఉండి తాగుతున్నాడు.

దొంగను పట్టుకోవడం ఇలా. తాళాన్ని బండికి దూరంగా పెట్టు, దగ్గరుంటే కొన్ని బండ్లు నిద్రపోవు. ఫ్యూజుల పెట్టె కనబడేలా తలుపు తెరిచి, దాని గొళ్ళెం స్క్రూడ్రైవర్‌తో మూసి బండిని మోసం చేయి. ముప్పావు గంట ఆగు. తర్వాత ఒక్క ఫ్యూజు కూడా పీకకు, పీకితే నిద్రపోయినవి లేచి కూర్చుంటాయి. ప్రతి ఫ్యూజు తల మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి ఆ రెంటి మధ్య ఆనించు. సున్నా అయితే అందులో కరెంటు పోవడం లేదు. అంకె కనబడితే దొంగ ఆ ఫ్యూజు నుంచి పోయే తీగ మీదే ఉన్నాడు. అన్నట్టు, బ్యాటరీ ఎప్పటిదో దాని మీద చూశావా?

కొత్తకాపు (శనివారం)

దొరికాడు అన్నయ్యా! పాత ఓనరు అద్దానికి డ్యాష్‌క్యామ్ పెట్టించి, దాని తీగను ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజులో దూర్చాడు. బండి ఆగినా రికార్డు చేస్తూనే ఉంది. 0.3 ఆంపియర్లు లాగుతోంది. బ్యాటరీ ఆరేళ్ళ నాటిది.

పదో నంబరు పానా

ఇంకేం. 0.3ని 24 గంటలతో గుణిస్తే రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా 60 గంటలు అనుకుంటే 18. కొత్త 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీకే అది దాదాపు మూడో వంతు, ఆరేళ్ళ ముసలిదానికి అంతకన్నా ఎక్కువ. మామూలుగా నిద్రపోయిన బండి 0.05 ఆంపియర్లు దాటకూడదు.

తీగ పీకేయి, బ్యాటరీ మార్చు. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఇంజన్ ఆపే బండి అయితే అందులో మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఏజీఎం రకమో ఈఎఫ్‌బీ రకమో బ్యాటరీ ఉంటుంది. ఏది ఉంటే అదే వెయ్యి, చవకని మామూలుది వేస్తే త్వరగా పోతుంది. కొన్ని బండ్లకి కొత్త బ్యాటరీ వచ్చిందని కంప్యూటర్‌కి చెప్పాలి. అమ్మేవాళ్ళను ఆ మాట ముందే అడుగు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. చాలావాటికి పదో నంబరు పానా సరిపోతుంది, నా పేరు అందుకే.

కొత్తకాపు (ఆదివారం)

వేశాను. ఒక్క నొక్కుకి లేచింది. కానీ డ్రైవరు వైపు కిటికీ ఒక్క వేటుకి పైకి రావడం లేదు, ఆగి ఆగి వస్తోంది. స్టీరింగ్ దీపం కూడా వెలుగుతోంది. ఏమన్నా తప్పు బిగించానా?

రెడీ లైటు

కంగారు పడకండి, మా బండికీ అయింది. కరెంటు తీసేసరికి మర్చిపోయింది. కిటికీ పూర్తిగా పైకి తెచ్చి, బటన్‌ను అలాగే కొన్ని సెకన్లు పట్టుకోండి, నేర్చుకుంటుంది. స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి తిప్పి, కాస్త దూరం తిన్నగా నడపండి.

కొత్తకాపు

రెండూ పోయాయి అక్కా. కిటికీ పైకొచ్చింది. మీటరు పక్కింటాయనకి తిరిగిచ్చేశాను, ఇప్పుడాయన తన ఫ్యూజుల మీద పెట్టి చూస్తున్నాడు.