టీయూ-142కి ప్రొపెల్లర్లు పెట్టింది తెలివితోనా, గతిలేకా?

గాజువాక గోపి:
ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గరున్న టీయూ-142, అదే సబ్‌మెరైన్లను వెతికే సోవియట్ తయారీ గస్తీ విమానం, ముందు సెల్ఫీ దిగని వైజాగ్ వాడు ఉండడు. నాకు మాత్రం చూసినప్పుడల్లా ఒకటే అనుమానం. 1988లో మన నేవీలో చేరిన విమానానికి ఇంకా ఫ్యాన్లేంటి? అమెరికా బీ-52 బాంబర్ ఎనిమిది జెట్ ఇంజన్లతో 1952 ఏప్రిల్‌లోనే గాల్లోకి లేచింది. మన టీయూ-142కి మూలమైన సోవియట్ బాంబర్ టీయూ-95 అదే ఏడాది నవంబరులో ప్రొపెల్లర్లతో ఎగిరింది. సోవియట్ వాళ్ల దగ్గర మంచి జెట్ ఇంజన్ లేక ఇవి తగిలించారనేది నా వాదన. కాదంటారా?

సీతమ్మధార మాస్టారు:
కాదనే అంటాను గోపీ. బీ-52తో పోల్చే ముందు సోవియట్‌లోనే ఏం జరిగిందో చూడు. అమెరికా దాకా వెళ్లి తిరిగి రాగల బాంబర్ కావాలన్నారు. విమానాల డిజైనర్ మయాసిష్చెవ్ జెట్ దారి పట్టి ఎమ్-4 చేశాడు. 1953 జనవరిలో ఎగిరింది, చూడ్డానికీ బాగుంటుంది, కానీ ఇంధనం తాగేసి అంత దూరం వెళ్లి రాలేకపోయింది. చివరికి వాటిని వేరే విమానాలకు గాల్లో ఇంధనం నింపే ట్యాంకర్లుగా మార్చుకున్నారు. ఇంకో డిజైనర్ టుపోలెవ్ టర్బోప్రాప్, అంటే టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే ఇంజన్, పట్టుకున్నాడు. ఆయన విమానం రష్యాలో ఇప్పటికీ డ్యూటీలో ఉంది.

ఇక ఆ ఇంజన్ సంగతి. ఎన్‌కే-12, ఒక్కొక్కటి దాదాపు 15,000 హార్స్ పవర్. అంత బలాన్ని ఒక్క ప్రొపెల్లర్‌తో గాలికి అందించాలంటే అది మరీ పెద్దదైపోతుంది, నేలకు తగులుతుంది. అందుకే ఒకే ఇరుసు మీద ఒకదాని వెనక ఒకటి రెండు పెట్టి, ఎదురెదురు దిశల్లో తిప్పారు. ముందుది గాలిని సుడి తిప్పితే, వృథాగా పోవాల్సిన ఆ సుడిని వెనకది తోపుగా మార్చుకుంటుంది. నాలుగు ఇంజన్లకు ఎనిమిది ప్రొపెల్లర్లు, మొత్తం 32 రెక్కలు. ఈసారి బీచ్‌కి వెళ్తే లెక్కపెట్టు. పైగా 5.6 మీటర్ల వ్యాసమున్న వాటిని నిమిషానికి సుమారు 750 చుట్లు మాత్రమే తిప్పుతారు. ఎక్కువ గాలిని మెల్లగా తోయడం, కొంచెం గాలిని విసురుగా తోయడం కంటే పొదుపు. సోవియట్ అయినా అమెరికా అయినా ఈ లెక్క మారదు.

పెదవాల్తేరు రాణి:
మాస్టారూ, కథలో మీకు పనికొచ్చే సగమే చెప్పారు. మొదటి టీయూ-95 నమూనా 1953 మేలో, ఆ జంట ప్రొపెల్లర్లను తిప్పే గేర్‌బాక్స్ పగిలి, మంటలంటుకుని కూలిపోయింది. ఎన్‌కే-12తో రెండోది ఎగరడానికి 1955 దాకా పట్టింది. ఆ ఇంజన్ పని కూడా యుద్ధం తర్వాత సోవియట్‌కు తరలించిన జర్మన్, ఆస్ట్రియన్ ఇంజనీర్లతో కుయిబిషెవ్ నగరంలో మొదలైంది. అంటే గోపి మాట పూర్తిగా తప్పు కాదు, అది అవసరం నెట్టిన దారే. అమెరికాకు బీ-52లో పెట్టిన జే57 లాంటి జెట్ ఇంజన్ ఉంది కాబట్టి జెట్‌తోనే పని కానిచ్చారు.

మీ 750 చుట్ల లెక్కనే కాస్త ముందుకు తీసుకెళ్దాం. రెక్క కొస సెకనుకు 220 మీటర్ల వేగంతో తిరుగుతుంది. విమానం గంటకు 900 కిలోమీటర్లతో వెళ్తోందంటే ముందుకు సెకనుకు 250. రెండూ కలిసి, లంబకోణంలో లెక్కేసినా, 330 దాటుతుంది. పైన చల్లటి గాలిలో ధ్వని వేగం 300 చుట్టుపక్కలే. కొసలు ధ్వనిని దాటేస్తుంటే మోత ఎలా ఉంటుంది? లోపల గంటలకు గంటలు కూర్చున్న సిబ్బందిని అడగాలి.

గాజువాక గోపి:
అదే నేనూ అంటున్నది! బాగుంటే దాని స్థానంలో పీ-8ఐ ఎందుకు తెచ్చారు? అది బోయింగ్ 737 లాంటి జెట్టే కదా.

సీతమ్మధార మాస్టారు:
పీ-8ఐ మొదటిది 2013లో తమిళనాడులోని అరక్కోణం నేవీ స్థావరానికి వచ్చింది, టీయూలు 2017 మార్చిలో వెళ్లిపోయాయి. మార్చింది ఫ్యాన్లు నచ్చక కాదు, రాడార్లూ సెన్సర్లూ పాతబడి. గరిష్ఠ వేగంలో రెండూ ఇంచుమించు సమానమే, ఆ మాట ఎవరూ చెప్పరు. సబ్‌మెరైన్ వేటంటే సముద్రం మీద గంటల తరబడి తిరగడం. బ్రిటిష్ నిమ్రాడ్ జెట్ విమానం ఇంధనం మిగుల్చుకోవడానికి గస్తీలో ఒకటి రెండు ఇంజన్లు ఆపేసేది! అమెరికా ఓరియన్, మన ఐఎల్-38, రెండూ టర్బోప్రాప్‌లే.

పెదవాల్తేరు రాణి:
పీ-8 పైన ఎత్తులో ఉండే పని చేసేలా తయారైంది మాస్టారూ. అయితే మీకు నేనే ఒక ఆధారం ఇస్తా. సబ్‌మెరైన్ ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను పట్టే పరికరాన్ని అమెరికా తన పీ-8లకు వద్దనుకుంది, మనం అడిగి పెట్టించుకున్నాం. అది పనిచేయాలంటే కిందికి దిగాలి. జెట్‌కి ఇంధనం ఎక్కువ ఖర్చయ్యేది అక్కడే.

నా అసలు పేచీ వేరు. మనకు ఉపయోగపడింది అనడంలో గొడవ లేదు. 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మన తీరంలో మునిగేనాటికి దూరం వెళ్లే గస్తీ విమానాలు నేవీ చేతిలో లేవు, సూపర్ కాన్‌స్టెలేషన్లు వైమానిక దళం దగ్గరుండేవి, 1976లో గానీ ఇటు రాలేదు. అలాంటి నేవీకి 12,000 కిలోమీటర్లు పోగల విమానం పెద్ద సంగతే. కానీ 'గొప్ప డిజైన్' అంటే ఇతరులు అనుసరించాలి. టుపోలెవ్ దారిలో ఎవరు నడిచారు? ఆ ఎన్‌కే-12 ఇంజన్ టీయూ-114 ప్రయాణికుల విమానంలో, ఆన్-22 సరుకు విమానంలో కనిపించింది, అన్నీ సోవియట్‌వే.

సీతమ్మధార మాస్టారు:
1986లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు బోయింగ్ 727కి ఏం బిగించి ఎగరేశారో చూడమ్మా. తొడుగు లేకుండా, ఎదురెదురుగా తిరిగే రెండు వరసల రెక్కలు. చమురు ధర తగ్గాక పక్కన పెట్టేశారు. 2021లో సీఎఫ్ఎమ్ అనే ఇంజన్ల కంపెనీ మళ్లీ తొడుగు లేని ఫ్యాన్ ఇంజన్ ప్రకటించింది, ఇంధనం 20 శాతానికి పైగా ఆదా లక్ష్యమట.

పెదవాల్తేరు రాణి:
అందులో వెనక వరస తిరగదు మాస్టారూ, స్థిరంగా ఉంటుంది. మోతకూ బరువుకూ భయపడే అలా పెట్టారు. అంటే టుపోలెవ్ లెక్క తీసుకుని, టుపోలెవ్ గేర్‌బాక్స్ వదిలేశారన్నమాట. నా ఓటు సగమే.

గాజువాక గోపి:
నాది ఇంకా జెట్‌కే. ఆదివారం వెళ్లి ఆ 32 రెక్కలు మాత్రం లెక్కపెడతా.