నియంత చేతిలో పగ్గం, నిరంకుశుడికి లేని అంకుశం

గత వారం ఈ బృందంలో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకు వ్యాఖ్యగా సమాధానం మొదలుపెట్టాను గానీ, అది అక్కడ ఇమిడేలా లేకపోవడంతో విడిగా రాస్తున్నాను. మెదడులో అమర్చే పరికరాల మీద వచ్చిన ఒక వ్యాసాన్ని ఆమె తెలుగు చేస్తున్నారు. “రోగి మెదడు ద్వారా యంత్రం నియంత్రించబడుతుంది” అని ఒకచోట, “ఈ సాంకేతికత నియంత్రించబడాలి” అని ఆ తరువాతి పేరాలో రాయవలసి వచ్చిందని, రెండు చోట్లా ఒకే మాట వాడవచ్చా అని ఆమె అడిగారు. అదుపు, కట్టడి, ఆధిపత్యం, పట్టు అని చాలామంది పర్యాయపదాలు సూచించారు. అవన్నీ మంచి మాటలే. అయితే అసలు చిక్కు పర్యాయపదంతో తీరేది కాదని, నియంత్రణ అన్న మాట పుట్టుకలోనే దానికి దారి దొరుకుతుందని నాకు అనిపించింది.

ధాతువు ‘యమ్’. ఆపడం, పట్టి ఉంచడం, అదుపు చేయడం దాని అర్థాలు. యముడు, నియమం, సంయమనం, యంత్రం, యంత, నియంత, నియంత్రణ అన్నీ ఆ ఒక్క ధాతువు సంతానమే. యంత్రం అనగానే నేడు మనకు చక్రాలూ విద్యుత్తూ గుర్తుకొస్తాయి గానీ, సంస్కృతంలో ఆ మాటకు దేన్నైనా కదలకుండా పట్టి ఉంచే సాధనం అన్న అర్థం ఉంది. గాలిచేష్ట తగలకుండా పిల్లల మెడలో “యంత్రం కట్టించడం” అని మన ఇళ్లలో అనే మాటలో ఆ పాత వాసన ఇంకా మిగిలి ఉంది. చక్రం తిరిగే సాధనానికి తెలుగువాడు సొంతంగా పెట్టుకున్న పేరు ‘మర’: పిండిమర, మరమగ్గం, మరపడవ, మరమేకు. మరకు తిరగడం ముఖ్యం, యంత్రానికి పట్టి ఉంచడం ముఖ్యం.

ఇక నియంత సంగతి. అమరకోశంలో “నియంతా ప్రాజితా యంతా సూతః క్షత్తా చ సారథిః” అని ఉంది. అంటే నియంత రథం తోలేవాడు, సారథి. నేటి పత్రికల తెలుగులో దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాడికి వాడుతున్న ఈ మాట, ఒకప్పుడు రథంలో కూర్చున్నవాడి ఆజ్ఞ ప్రకారం గుర్రాలను నడిపే పనివాడి పేరు. కురుక్షేత్రంలో అర్జునుడు తన నియంతతో “సేనయోరుభయోర్మధ్యే రథం స్థాపయ మేఽచ్యుత” అంటాడు, రెండు సేనల మధ్య రథాన్ని నిలపమంటాడు. ఆ నియంత మారు మాట్లాడకుండా నిలుపుతాడు. పగ్గాలు పట్టినవాడు వేరు, ఎటు వెళ్లాలో చెప్పేవాడు వేరు. ఆ రెండు స్థానాలూ ఒక్కడివే అయినప్పుడు మాత్రమే నేటి అర్థంలో నియంత పుడతాడు.

దీనికి జంటగా మనం వాడే మరో మాట ‘నిరంకుశం’. అంకుశం లేనిది, అంటే మావటివాడు కుంభస్థలం మీద ఆనించే ఇనుప కొక్కెం లేని ఏనుగు. నియంత పశువును అదుపు చేసేవాడైతే, నిరంకుశం అదుపు తప్పిన పశువు. పుట్టుకను బట్టి చూస్తే ఈ రెండు మాటలూ ఎదురెదురు దిక్కుల్లో నిలబడాలి. మన వాడుకలో “నిరంకుశ నియంత” అని పక్కపక్కన కూర్చున్నాయి. దీన్ని పదాల అర్థాలు చెదిరిపోవడంగా నేను చూడను. అందరి నెత్తిన అంకుశం ఆనించినవాడి నెత్తిన ఏ అంకుశమూ లేకపోవడమే నియంతృత్వమని ఆ జంట మాట ఏ నిర్వచనం కన్నా స్పష్టంగా చెబుతోంది.

ఇదే కథ సంస్కృతం పుట్టిన భాషాకుటుంబంలోని మరో కొమ్మలో కూడా జరిగింది. నోర్బర్ట్ వీనర్ అనే గణితవేత్త, ప్రాణుల్లోనూ యంత్రాల్లోనూ అదుపు ఎలా పనిచేస్తుందో చెప్పే తన 1948 నాటి పుస్తకానికి ‘సైబర్నెటిక్స్’ అన్న పేరు పెట్టినప్పుడు ఓడ చుక్కాని పట్టేవాడిని తెలిపే గ్రీకు మాటను తీసుకున్నాడు. గవర్నర్ అన్న మాట కూడా లాటిన్ మీదుగా అక్కడి నుంచే వచ్చింది. 1960లో మన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి శరీరమూ యంత్రమూ కలిసిన రూపానికి ‘సైబోర్గ్’ అని పేరు పెట్టినప్పుడు ఆ చుక్కానివాడే మళ్లీ అందులోకి వచ్చాడు. అక్కడ ఓడ, ఇక్కడ రథం. యంత్రం గురించీ అధికారం గురించీ మాట్లాడవలసి వచ్చిన ప్రతిసారీ మనుషులు తోలేవాడి దగ్గరికే వెళ్లారు.

కఠోపనిషత్తులోని రథం అందరికీ తెలిసిందే: “ఆత్మానం రథినం విద్ధి శరీరం రథమేవ తు, బుద్ధిం తు సారథిం విద్ధి మనః ప్రగ్రహమేవ చ.” ఆత్మ రథంలో కూర్చున్నవాడు, శరీరం రథం, బుద్ధి సారథి, మనసు ప్రగ్రహం. ఆ ప్రగ్రహానికి వికృతే మన ‘పగ్గం’. “అధికార పగ్గాలు చేపట్టారు” అని వార్తల్లో రోజూ చదివే పగ్గమూ, ఉపనిషత్తు మనసుకు పెట్టిన పేరూ ఒకటే మాట. మనసును యంత్రానికి కలపడం గురించి తెలుగులో ఆలోచించేవారికి ఇంతకన్నా సిద్ధంగా ఉన్న పదం మరొకటి ఉండదని నా నమ్మకం.

ఎందుకో చెబుతాను. మెదడునూ కంప్యూటర్‌నూ నేరుగా కలపడం అన్న ఆలోచనకు 1973లో కాలిఫోర్నియాలో జాక్ విడాల్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. 2004లో మెడ కింది భాగమంతా చచ్చుబడిన మాథ్యూ నేగల్ అనే అమెరికన్ యువకుడి మెదడు పైపొరలో 96 ఎలక్ట్రోడ్లున్న చిన్న పలకను అమర్చారు. చెయ్యి కదపాలని అతడు అనుకున్నప్పుడు పుట్టే సంకేతాలను కంప్యూటర్ చదివి, తెర మీద గుర్తును కదిపింది. ఇక్కడ పగ్గం ఒక తాడు కాదు. కణాలు ఇచ్చే సంకేతాన్ని “ఇతడు కుడివైపు వెళ్లాలనుకుంటున్నాడు” అని అర్థం చెప్పే ఒక లెక్క మధ్యలో ఉంది. ఆ లెక్క మనిషిని చూసి నేర్చుకుంటుంది, మనిషీ ఆ లెక్కకు తగినట్టు తన ప్రయత్నాన్ని దిద్దుకుంటాడు. కొన్నాళ్లకు ఏ కదలిక తనది, ఏది లెక్క పూరించినది అన్న గీత పలచబడుతుంది. మా తాతగారు సంత నుంచి రాత్రివేళ బండి తోలుకొస్తూ నిద్రపోయేవారు, ఎద్దులు దారి తెలిసి ఇంటికి చేర్చేవి. కానీ పగ్గం ఆయన మణికట్టుకు చుట్టుకుని ఉండేది. బండి గోతిలో దిగబడితే ఆ తాడు ముందుగా ఆయన్నే లాగేది, ఆయన లేచేవారు. ఇంత తెలివైన పరికరం మనసుకు తోడైనప్పుడు కూడా అడగవలసినది ఆ తాడు రెండో కొన ఎవరి మణికట్టుకు ఉందనే.

ఆ కొన కంపెనీ చేతిలో ఉంటే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటి ఆస్ట్రేలియాలో జరిగింది. తీవ్రమైన మూర్ఛవ్యాధి ఉన్న ఒక మహిళ, మూర్ఛ రాబోతోందని ముందే హెచ్చరించే పరికరాన్ని ఒక ప్రయోగంలో భాగంగా మెదడు మీద పెట్టించుకుంది. దానితో ఆమె ఒంటరిగా బయటికి వెళ్లగలిగింది, తన మీద తనకు నమ్మకం కుదిరింది. 2013లో ఆ పరికరం తయారుచేసిన సంస్థ దగ్గర డబ్బు అయిపోయింది. పరికరాలను తీసేయాలన్నారు. ఆమే, ఆమె భర్తా ఇల్లు తాకట్టు పెట్టైనా దాన్ని కొనుక్కోవాలని చూశారు. కుదరలేదు. తీసేసిన తరువాత ఆమె చెప్పినదాని సారం, అది తన మీద ఉన్న వస్తువు కాదు, అది తానే అయిపోయిందని. ఒక సంస్థ ఖాతాలు మూసుకుంటే ఒక మనిషిలోని ‘నేను’ కొంత ఊడిపోయింది. తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది. అక్కడ ఎవరూ క్రూరులు కాకపోవచ్చు. అయినా ఆమె చేతిలో పగ్గం లేదు, అవతలివారి నెత్తిన అంకుశమూ లేదు.

మా బంధువుల ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. పుట్టుకతో వినపడని ఆ పిల్లకు రెండేళ్లప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ చేయించారు. చెవి లోపల అమర్చిన ఎలక్ట్రోడ్లు శ్రవణనాడికి నేరుగా విద్యుత్ సంకేతాలు అందిస్తాయి. బయటి భాగం అయస్కాంతంతో తలకు అతుక్కుని ఉంటుంది. పెద్దవాళ్లు దాన్ని ‘మిషను’ అంటారు. పాప మాత్రం ‘చెవి’ అంటుంది. రాత్రి పడుకునే ముందు “అమ్మా, నా చెవి తీసెయ్యి” అని తల వంచుతుంది. వాళ్లమ్మ దాన్ని తేమ పీల్చే డబ్బాలో పెట్టి మూత వేస్తుంది. పొద్దున్నే “చెవి పెట్టు” అన్నదే ఆ పిల్ల మొదటి మాట. మొన్న బయటి భాగం పాడైతే, ఆ నమూనా విడిభాగాలు ఇక రావని, కొత్తది కొనాలని చెప్పారట. పెద్దవాళ్లకు అది ఖర్చు సంగతి. పాప మూడు వారాలు బడికి వెళ్లలేదు, “నాకు చెవి లేదుగా” అని కారణం చెప్పింది. శరీరం ఎక్కడ ముగుస్తుందో, వస్తువు ఎక్కడ మొదలవుతుందో ఆ పిల్ల ఎంచుకున్న మాటలోనే తేలిపోయింది. అమ్మినవారి రసీదులో ఇంకా తేలలేదు.

కాబట్టి సభ్యురాలి రెండు వాక్యాల్లో నన్ను ఇబ్బంది పెట్టినది ‘నియంత్రణ’ కాదు, ‘బడు’. “నియంత్రించబడుతుంది”, “నియంత్రించబడాలి” అన్నప్పుడు కర్త మాయమవుతాడు. మాట్లాడే తెలుగుకు ఈ ‘బడు’ ప్రయోగం అంతగా నప్పదు. తెలుగు ఎవరు చేశారో చెప్పమంటుంది. ఈ విషయంలో అది వ్యాకరణపు ముచ్చట మాత్రమే కాదు, ఎవరు నియంత్రిస్తారన్నదే అసలు వివాదం. చిలీ దేశం 2021లో రాజ్యాంగాన్ని సవరించి, మెదడు కార్యకలాపాలకూ వాటి నుంచి వచ్చే సమాచారానికీ రక్షణ కల్పించింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, తలపట్టీ ద్వారా ఒక మాజీ సెనేటర్ నుంచి సేకరించిన మెదడు సమాచారాన్ని చెరిపేయాలని ఒక కంపెనీని ఆదేశించింది. ఆ తీర్పులో కర్త ఉన్నాడు, కర్మ ఉంది, ఎవరు ఎవరికి ఏం చేయాలో ఉంది. అంకుశం అంటే అదే.

(కింద వ్యాఖ్యల్లో ఒక పెద్దాయన లేవనెత్తిన అభ్యంతరాన్ని చూశాక ఈ భాగం చేరుస్తున్నాను.)

‘నియంత’ అర్థం స్థిరపడిపోయింది, దాన్ని మళ్లీ సారథిగా మార్చాలనుకోవడం నెరవేరని కోరిక అని ఆయన రాశారు. ఆ మాట నిజమే, నేను దాన్ని మార్చమనడం లేదు. పాత అర్థం తెలిసి ఉంటే కొత్త వాక్యం రాసేటప్పుడు చెయ్యి జాగ్రత్తగా కదులుతుందన్నదే నా మనవి. “భ్రామయన్ సర్వభూతాని యంత్రారూఢాని మాయయా” అన్న గీతాశ్లోకాన్ని కూడా ఆయన గుర్తుచేశారు. ప్రాణులన్నీ యంత్రం ఎక్కించిన బొమ్మల్లా తిరుగుతున్నాయని చెప్పే ఆ శ్లోకం ప్రకారం మనిషికి పగ్గం ఎప్పుడూ లేదు కదా అని ఆయన ప్రశ్న. ఆ శ్లోకం చెప్పినవాడు మొదటి అధ్యాయంలో అడిగినచోట రథం నిలిపిన సారథే. ఆ శ్లోకం తరువాత రెండో శ్లోకంలోనే ఆయన అర్జునుడితో “విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు” అంటాడు. అంతా బాగా ఆలోచించుకో, నీకు ఎలా తోస్తే అలా చెయ్యి. ప్రాణులన్నిటినీ తిప్పేవాణ్ని గురించి చెప్పిన ఆ నోటితోనే నిర్ణయాన్ని రథంలో ఉన్నవాడికి వదిలేశాడు. మనసుకు యంత్రాన్ని తగిలించే ఏ సంస్థ అయినా తన ఒప్పంద పత్రంలో ఆ రెండో శ్లోకానికి సమానమైన వాక్యం ఒక్కటైనా రాసిందా అని నేను వెతుకుతాను.

సభ్యురాలికి నా సూచన ఇది. మొదటి వాక్యాన్ని “రోగి తన ఆలోచనతో యంత్రాన్ని నడుపుతాడు” అని రాయండి, అక్కడ నియంత్రణ అన్న మాట అవసరమే లేదు. రెండోదాన్ని “ఈ పరికరాలు చేసి అమ్మేవారిని ప్రభుత్వం అదుపులో ఉంచాలి, పరికరాన్ని ఎప్పుడు ఆపాలో, అది చదివినదాన్ని ఎవరికి ఇవ్వాలో దాన్ని ధరించిన మనిషే తేల్చాలి” అని రాయండి. మూలం కన్నా పొడవైందని సంపాదకులు అంటే, మూలంలో ఆ ‘ఎవరు’ ఎక్కడుందో చూపించమని వారినే అడగండి.