అప్‌డేట్: వాన పడితే చెరువు గట్టు లింకు పడిపోవడం, కారణం దొరికింది

మలికిపురంలో మా మేడ మీంచి 3 కిలోమీటర్ల అవతల రొయ్యల చెరువు షెడ్డుకి వేసిన 5.8 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ డిష్ లింకు, వాన పడ్డాక రెండ్రోజులు పడిపోతోందని అడిగాను కదా. తేలింది.

షెడ్డు వైపు ఎన్-కనెక్టర్ (డిష్‌కి కేబులు బిగించే మర జాయింటు) విప్పితే నీటిచుక్క జారింది, పిన్ను పచ్చగా చిలుం పట్టేసింది. నా ప్రశ్నకి "ముందు విప్పి చూడండి" అన్నాయనకి దణ్ణం. టేపు పైనుంచి కిందికి చుట్టారు. కిందనుంచి పైకి చుడితేనే పెంకుటింటి కప్పులా నీరు జారిపోతుంది. కొత్త కేబులు, రబ్బరు టేపు వేసి, కనెక్టర్‌కి ముందు కేబులుని కిందికి వంపు తిప్పాం. సిగ్నల్ -79 నుంచి -58 డీబీఎమ్‌కి వచ్చింది (సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం).

అడ్డొస్తున్నాయేమో అని అనుమానపడ్డ కొబ్బరిచెట్ల తప్పేం లేదు. లైను మధ్యలో ఫ్రెనెల్ జోన్‌కి (సిగ్నల్ సాగడానికి లైను చుట్టూ ఖాళీగా ఉండాల్సిన జాగా) చుట్టూ 6 మీటర్ల ఖాళీ చాలు, ఆ వరస అంతకంటే పక్కకే ఉంది. (ఊరికే మట్టలు కొట్టించి నాన్నగారితో తిట్లు తిన్నాను.) ఛానల్, అడాప్టర్ మార్చడం కూడా దండగే. మొన్నటి ముసురులో లింకు కదల్లేదు.