రగ్బీ ఓనమాలు చెప్పండి, శనివారం మా వాడి మొదటి ఆట

కొత్తనీరు (ఆక్లాండ్)
బెజవాడ నుంచి వచ్చి నాలుగు నెలలైంది. ఎనిమిదేళ్ల మా వాడు బడిలో రగ్బీకి పేరిచ్చి వచ్చాడు. నాకు తెలిసింది క్రికెట్టు ఒక్కటే. గీత బయట నిలబడినప్పుడు చప్పట్లు ఎప్పుడు కొట్టాలో అయినా తెలియాలి కదా! బంతి వెనక్కే వేయాలంటే జట్టు ముందుకు వెళ్లేదెలా? పాయింట్లు ఎలా వస్తాయి? పళ్లకు పెట్టుకునే మౌత్‌గార్డ్ ఇప్పుడే కొనాలా?

పాతకూత
కబడ్డీ ఆడినవాడికి రగ్బీ ఒకరు నేర్పాలా అనుకుని ముప్పై రెండేళ్ల వయసులో ఇక్కడి క్లబ్బులో దిగాను. మొదటి ఆటలోనే ఒకడి చీలమండ దొరకబుచ్చుకున్నాను. దబ్బున పడ్డాడు. నేను పట్టు వదల్లేదు, కబడ్డీలో వదిలితే కొంప మునిగినట్టే కదా. ఈల! పడేశాక వెంటనే వదిలేయాలట. పెనాల్టీ తన్ని మూడు పాయింట్లు పట్టుకుపోయారు. రెండో సగంలో భుజంతో డాష్ ఇచ్చాను. అదీ తప్పే, చేతులు చుట్టి పట్టాలట. ఇరవై ఏళ్ల విద్య ఒక్క మధ్యాహ్నంలో నేరమైపోయింది.

పరమట్టా పద్మ (సిడ్నీ)
రగ్బీలో రెండు రకాలు, మీరు ఆడింది యూనియన్, రెండోది లీగ్. అందుకే లీగ్ చూడండి అంటాను. జట్టుకు పదమూడు మంది. ఆరుసార్లు పట్టుబడితే బంతి ఇచ్చేయాలి, అంతే. యూనియన్‌లో పదిహేను మంది కుప్పగా పడతారు. ఆ కుప్ప కింద ఏమి జరుగుతోందో రిఫరీకి కూడా తెలియదు.

తెల్లగీత
ఏడేళ్లుగా ఈల ఊదుతున్నవాణ్ణి, తెలుసమ్మా. ఆ కుప్పను రక్ అంటారు. వెనుక వైపు నుంచే రావాలి, కాళ్ల మీద నిలబడే తోయాలి. పాయింట్లు అడిగినాయనకు: ఎదుటి జట్టు గోలు గీత అవతల బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5. ఆపైన గోలు తన్నితే, అంటే బంతిని రెండు స్తంభాల మధ్య అడ్డకర్ర పైనుంచి పంపితే, 2. పెనాల్టీ గోలుకు 3, ఆట మధ్యలో బంతిని నేలకు వదిలి, ఎగరగానే తన్నే డ్రాప్ గోలుకు 3. గీత దాటితే సరిపోదు, బంతి నేలను తాకాలి. అయిదు పాయింట్లు ఇచ్చి దానికి ‘ప్రయత్నం’ అని పేరేమిటని అందరూ నవ్వుతారు. పూర్వం ఆనించినందుకు పాయింట్లే లేవు, గోలుకు తన్ని చూసే హక్కు మాత్రమే దక్కేది. పేరు అప్పటిది. బంతి వెనక్కి వేయడం గురించి అందరూ తప్పే చెబుతారు. చేతుల్లోంచి వెనక్కి వదిలితే చాలు. ఆ తర్వాత నేలతో పోల్చి చూస్తే ముందుకు సాగినా తప్పు కాదు.

పరమట్టా పద్మ (సిడ్నీ)
ముందుకు సాగినా వెనక్కి వేసినట్టేనా! ఈ మాట చెప్పే మొన్న మా జట్టును ముంచారు. నా కళ్లతో చూశాను, బంతి ఒక మీటరు ముందుకు పోయింది.

లెక్కల మాస్టారు
పరుగెత్తేవాడి వేగం సెకనుకు 8 మీటర్లు అనుకోండి. 3 మీటర్ల వేగంతో వెనక్కి విసిరాడు. నేలతో పోలిస్తే బంతి ఇంకా 5 మీటర్ల వేగంతో ముందుకే పోతుంది. విశాఖ నుంచి హైదరాబాద్ వస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెనుక సీటు వాడికి వేరుసెనక్కాయ విసిరితే అది విశాఖ వైపు వెళ్లిపోతుందా?

పరమట్టా పద్మ (సిడ్నీ)
నేనూ భౌతికశాస్త్రం చదివాను మాస్టారూ. రైలుకు పట్టాలుంటాయి. ఆ పిల్లవాడి చేతులు ఎటు తిరిగాయో పది గజాల దూరం నుంచి రిఫరీ ఎలా చూశాడన్నది నా ప్రశ్న. వేరుసెనక్కాయలు మీరే తినండి.

తెల్లగీత
చూస్తాం. చూడటమే మా పని. గీత బయట కుర్చీ వేసుకున్నవాళ్లకు కనిపించనిది కూడా చూస్తాం.

పరమట్టా పద్మ (సిడ్నీ)
కుర్చీ మాట అనవసరం. మూడేళ్లు ఆడి, మోకాలు పోయాక కూర్చున్నాను.

పాతకూత
గొడవ ఆపండి. 2023 ప్రపంచ కప్ ఫైనల్ ఎవరైనా చూశారా? దక్షిణాఫ్రికా ఒక్క ట్రై కూడా చేయకుండా నాలుగు పెనాల్టీలతో 12–11తో గెలిచింది. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ పట్టు ఎదుటివాడి తలకు తగిలి ఎర్రకార్డు, మిగతా ఆటంతా పద్నాలుగు మందే. ఆ పట్టు చూశాకే నాకు ధైర్యం వచ్చింది, తప్పులు నేనొక్కణ్ణే చేయడం లేదని.

దమ్ బిర్యానీ
మన ఊరి పేరుతో జట్టుంది, ఒక్కరూ తలవలేదు! 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. ఏడుగురి ఆట, కూర్చున్న చోటు సర్దుకునేలోపే అయిపోతుంది. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టాలి.

పరమట్టా పద్మ (సిడ్నీ)
ఏడుగురి ఆట కూడా యూనియన్ బిడ్డే. పదమూడు అంటే పదమూడే.

కొత్తనీరు (ఆక్లాండ్)
శనివారం ఆట అయింది. అది రిప్పా రగ్బీ అట, మీరెవరూ చెప్పలేదు. పట్టడాలు, పడేయడాలు లేవు. నడుముకు బెల్టు, చెరో పక్కన ఒక రిబ్బను, అది లాగితే పట్టుకున్నట్టు. గడ్డి మీద మంచు కురిసి ఉంటే సగం మంది పిల్లలు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తారు. మా వాడు మూడు రిబ్బన్లు లాగాడు, అందులో ఒకటి తన జట్టు వాడిదే. బంతి దొరికాక మన గోలు వైపే పారిపోయాడు. నేను చప్పట్లు కొట్టాను. మౌత్‌గార్డ్ సంగతి ఎవరైనా చెబుతారా?

లెక్కల మాస్టారు
జట్టు శిక్షకుణ్ణి అడగండి. ముందుగా, వాడు బంతి వదిలినప్పుడు చేతులు ఎటు ఉన్నాయి?